సూరతు నగరము: జనసంఖ్య, నీరు, భద్రత

జనసంఖ్యను గూర్చి వ్రాసినవారిలో రెండు తెగలవారు కనిపింతురు. ఇంగ్లండు దేశీయుడైన మాల్థస్ 1798లో తన గ్రంథమును ప్రకటించిన నాటినుండి మొదటి తెగవారు చెప్పుచున్న మాట యొక్కటే: పంట పెరుగు వేగముకంటె నోళ్లు పెరుగు వేగము హెచ్చు, కావున కఱవులు, తెగుళ్లు, కలహములు తప్పవు. నారు పోసినవాడు నీరు పోయడా యని నమ్మిన రెండవ తెగవారు, పుట్టిన ప్రతి నోటితోపాటు రెండు చేతులు కూడ పుట్టుచున్నవని సమాధానము చెప్పుదురు. ఈ వాదము రెండువందల యేండ్లకు పైగా సాగియు తేలకుండుటకు ఒక కారణము కలదు. ఉభయులును భూమి నంతటిని ఒక్కటిగా గొని లెక్కలు వేయుదురు. మనుష్యుడు ఒక ఊరిలో, ఒక వీధిలో, ఒక కాలువగట్టున కాపురముండును. జనము పెరిగినప్పుడు అక్కడి నేలకు, నీటికి, బ్రదుకునకు ఏమి జరుగునో తెలియవలెనన్నచో ఒక ఊరి చరిత్రను చూచుట మేలు.

ఇట్టి పరిశీలనకు గుజరాతులోని సూరతు తగిన నగరము. అది జనక్షయమును చూచినది, జనప్రవాహమును చూచినది. రెండు దశలందును అగ్నిచేతనో, వఱదచేతనో, మహమ్మారిచేతనో పీడింపబడినది. కావున ఆపదకు జనసంఖ్య యెంతవఱకు కారణమో, తక్కిన కారణము లెవ్వియో విడదీసి చూచుటకు ఇచ్చట అవకాశము కలదు.

ఈ విషయమున 1994వ సంవత్సరము జ్ఞాపకముంచుకొనదగినది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఆ యేట ప్రకటించిన మానవాభివృద్ధి నివేదిక, మానవ భద్రత యను భావమును లోకము ముందుంచెను. అంతవఱకు భద్రత యనగా సరిహద్దు, సైన్యము అని మాత్రమే రాజనీతిజ్ఞులు తలచుచుండిరి. పాకిస్తాను ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హఖ్ నాయకత్వమున వెలువడిన ఆ నివేదిక, జీవనోపాధి, ఆహారము, ఆరోగ్యము, పరిసరములు, వ్యక్తి రక్షణ, సమాజ జీవనము, రాజకీయ హక్కులు అను ఏడింటియందును మనుష్యునకు నిర్భయము కలిగినప్పుడే భద్రత యని నిర్వచించెను. అదే యేడు సెప్టెంబరు నెలలో 179 దేశముల ప్రతినిధులు ఈజిప్టు రాజధానియైన కైరోలో సమావేశమై జనసంఖ్యను గూర్చి చర్చించిరి. జనులను సంఖ్యలుగా నెంచుట మాని, వారి ఆరోగ్యమును, విద్యను, స్త్రీల హక్కులను ముందుగా చూడవలెనని తీర్మానించిరి. కైరోలో ఆ సభ ముగిసిన కొలది దినములకే సూరతులో ప్లేగు భయము రేగి, లక్షలాది జనులు నగరమును విడిచి పరుగెత్తిరి. సభలో చర్చకు వచ్చిన మాటల కర్థమేమో తపతీ తీరమున ప్రత్యక్షముగా కనబడెను.

ఆ సెప్టెంబరునకు దారితీసిన త్రోవ ఎట్టిదో తెలిసికొనుటకు వెనుకటి చరిత్రను కొంత స్మరింపవలెను.

1573లో అక్బరు చక్రవర్తి సూరతును జయించిన పిమ్మట అది మొగలు సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవుపట్టణ మయ్యెను. మక్కాయాత్రకు బోవు ముసల్మానులు ఇచ్చటనే ఓడ లెక్కిరి. ఇంగ్లీషువారును, డచ్చివారును, ఫ్రెంచివారును ఇచ్చట గిడ్డంగులు కట్టిరి. 1664లోను, 1670లోను శివాజీ సేనలు ఈ నగరమును కొల్లగొట్టుటయే దాని సంపదకు సాక్ష్యము. తరువాత నదీముఖము పూడిపోవుటయు, బొంబాయి రేవు ప్రబలుటయు సంభవించి వర్తకము క్షీణించెను. 1759లో కోట ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. 1800లో పాలన యంతయు వారి చేతికి వచ్చెను. 1837 ఏప్రిలులో పుట్టిన అగ్ని మూడు దినములు మండి తొమ్మిదివేలకు పైగా ఇండ్లను భస్మము చేసెను. ఆ యేటి వానకాలమున తపతి పొంగి, కాలగా మిగిలిన ఊరిని ముంచెను. పార్సీ, హిందూ వర్తకులు పెక్కురు బొంబాయికి తరలిపోయిరి. 1847 నాటికి నగరములో సుమారు 80,000 మంది మాత్రమే మిగిలియుండిరని అంచనా. 1901 జనగణనలో సైతము ఆ సంఖ్య 1,20,000కు చేరలేదు.

ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. 1837 నాటి సూరతు జనము పెరుగుచున్న ఊరు గాదు, తగ్గుచున్న ఊరు. అయినను అగ్ని, జలము రెండును దానిని నాశనము చేసెను. కొయ్యయిండ్లు, ఇరుకు సందులు, గట్టులేని నదీతీరము, అక్కఱకు రాని పాలన ఇందుకు కారణములు. కావున ఆపద యనునది జనసంఖ్యవలన మాత్రమే పుట్టునని చెప్ప వీలులేదు.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కథ తలక్రిందయ్యెను. 1951లో సూరతు జనసంఖ్య సుమారు 2,23,000. 1961లో 2,88,000, 1971లో 4,72,000, 1981లో 7,77,000, 1991లో సుమారు 15,00,000, 2001లో 24,00,000కు పైగా, 2011లో దాదాపు 44,70,000. ఈ తుది పెరుగుదలలో కొంతభాగము 2006లో నగరపు ఎల్లలు సుమారు 112 చదరపు కిలోమీటర్లనుండి 326 వఱకు విస్తరించుటవలన కలిగినది. అది తీసివేసినను మిగులునది చిన్న సంఖ్య గాదు. అఱువది యేండ్లలో ఒక ఊరు ఇరువది ఊళ్లయినది.

ఇంత జనము ఎచ్చటనుండి వచ్చినది? ఊయలలవలన మాత్రము గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఒక్కొక్క స్త్రీకి కలుగు బిడ్డల సగటు సంఖ్య గుజరాతులో 1.9, తెలంగాణమున 1.8, ఆంధ్రప్రదేశమున 1.7. తల్లిదండ్రుల స్థానమును నింపుటకు వలయు 2.1కి ఇవి లోబడినవే. ఊయలలకంటె రైళ్లు ఎక్కువ జనమును ఈ నగరమునకు తెచ్చినవి. 2011 జనగణనలో సూరతు నగరమున వేయిమంది పురుషులకు 760 మంది స్త్రీలయినను లేరు. పురుషులు బ్రదుకుతెరువునకై వచ్చి భార్యాబిడ్డలను స్వగ్రామమున విడిచిరని ఆ యొక్క సంఖ్యయే చెప్పుచున్నది.

వారు వచ్చి చేరిన ప్రదేశములలో ఖటోదరా యొకటి. పాత నగరమునకు దక్షిణమున మజూరా, ఉధనా ద్వారముల పేర్లు నేటికిని వెలుపలి కోటగోడను జ్ఞప్తికి దెచ్చుచున్నవి. ఆ ద్వారములకు ఆవల, ఉధనాకు పోవు దిక్కున ఖటోదరా ఉన్నది. 1962లో ఏర్పడిన గుజరాతు పారిశ్రామికాభివృద్ధి సంస్థవారి పారిశ్రామికవాడలలో ఒకటి ఇచ్చట వెలసినది. ఉధనా, పాండేసరా, సచిన్, కతార్‌గాం ప్రాంతములలోవలెనే ఇచ్చటను పొలములు పోయి షెడ్డులు వచ్చినవి. షెడ్డులలో మరమగ్గములు, వాని వెనుక అద్దకపు మిల్లులు. జరీకిని పట్టునకును పేరుపొందిన నగరము పాలిష్టరు చీరెలకు దేశమంతటను మూలస్థాన మయ్యెను. వజ్రములను సానపట్టు కార్ఖానాలు దానికి తోడయ్యెను.

ఈ మగ్గములయొద్ద పనిచేయువారిలో మనవారు తక్కువగా లేరు. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ మండలముల పద్మశాలీలు తొలుత షోలాపురమునకు, బొంబాయికి, భివండీకి, అనంతరము సూరతునకు వలసపోయిరి. దీనికి మూలము సూరతులో గాక తెలంగాణపు పల్లెలలో వెదుకవలెను. చెఱువులు ఎండిన మెట్టభూములలో సాలెవానికి సేద్యమువలన ఆధారము లేదు. చేతిమగ్గపు బట్టకు గిరాకి తగ్గెను. 1934లో వరంగల్లున స్థాపింపబడి వేలకుటుంబములకు అన్నము పెట్టిన ఆజంజాహీ మిల్లు క్రమముగా క్షీణించి మూతపడెను. సిరిసిల్లలో సాంచా లని పిలువబడు మరమగ్గములు కొందఱిని నిలిపినవి. తక్కినవారు పడుగు పేకల విద్యను మూటగట్టుకొని పడమటి రైలెక్కిరి. 2017 అక్టోబరులో వరంగల్లు సమీపమున కాకతీయ వస్త్రపరిశ్రమవాడకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరతు, భివండీ, షోలాపురముల నేతవారిని స్వస్థలమునకు రప్పింపవలెనన్నది దాని యుద్దేశములలో ఒకటిగా ప్రకటింపబడెను. పోయినవారి సంఖ్య ప్రభుత్వములు సైతము గమనింపదగినంత హెచ్చని దీనివలన తెలియుచున్నది.

ఒడిస్సాలోని గంజాం మండలమునుండి వచ్చినవారిలో ఒంటరి పురుషులు హెచ్చు. వారు మెస్సులని పిలువబడు గదులలో నుందురు. పగటి పనివాడు లేచిపోయిన చాపమీద రాత్రి పనివాడు వచ్చి పండుకొనును. తెలుగు సాలెవారిలో కుటుంబములతో వచ్చి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవారు పెక్కురు. మగవారు మగ్గముమీద పండ్రెండు గంటలు నిలుతురు. ఆడువారు ఇంటియొద్ద చీరెలకు అంచులు కుట్టుట, లేసు అతుకుట, మడతలు పెట్టుట మున్నగు పనులు చేయుదురు. నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ భాషలతోపాటు ఒడియా, తెలుగు భాషలలోను నడుపుట ఇచ్చట ప్రశంసాపూర్వకముగా చెప్పదగినది. పరదేశియని త్రోసివేయక, వాని బిడ్డకు వాని పలుకులోనే అక్షరాభ్యాసము చేయించుట చిన్న సంగతి గాదు.

అయితే పలక దొరికినంత త్వరగా మురుగుకాలువ దొరకలేదు. సూరతునందు తపతికి దక్షిణముగా మీఠీ, కాంకరా, భేడ్వాడ్ మున్నగు ఖాడీలు కలవు. ఖాడీ యనగా మన తీరమున ఉప్పుటే ఱనదగినది: వాననీటిని సముద్రమునకు జేర్చుచు, పోటు వచ్చినప్పుడు వెనుకకు త్రోయబడుచు నుండు వాగు. నేల విలువ పెరిగినకొలది పేదవారు చౌకైన చోటు వెదకుదురు. ఖాడీగట్టునకన్న చౌకైన చోటు లేదు. షెడ్డులు ముందు కట్టబడెను. గుడిసెలు వెంటనే లేచెను. బాట, కాలువ, మఱుగుదొడ్డి ఇరువది యేండ్లు ఆలస్యముగా వచ్చెను, కొన్నిచోట్ల రానేలేదు. మిల్లుల రంగునీరును, ఇండ్ల మురుగును ఖాడీలో గలియసాగెను. నదికి వెడలు మార్గమే నగరమునకు మురికిగుంట యయ్యెను.

1994 వానకాలమున తపతి పొంగి పల్లపు పేటలు నీట మునిగెను. నీరు తీసిన తరువాత బురదయు, చచ్చిన పశువులును వీధులలో కుళ్లుచుండెను. సెప్టెంబరు మూడవ వారమున కతార్‌గాం, వేడ్ రోడ్డు ప్రాంతములలో ఊపిరితిత్తుల వ్యాధితో జనులు ఆకస్మికముగా మరణింపసాగిరి. ప్లేగు అను మాట వినబడినంతనే కొలది దినములలో లక్షలమంది రైళ్లమీదను, లారీలమీదను నగరము విడిచిరి. వైద్యులు కొందఱు తమ ఆసుపత్రులను మూసి ముందుగా పోయిరి. టెట్రాసైక్లిను మందుబిళ్లలు అంగళ్లలో దొరకవయ్యెను. పరదేశములు విమానములను ఆపివేసెను. భారతదేశపు సరకులను నిరాకరించెను. దేశమంతట మరణించినవారు ఏబదిమందికి కొంచెము మించిరి. వ్యాధి ప్లేగు అవునా కాదా యని కొంతకాలము పండితులు వివాదపడినను, తరువాతి పరీక్షలు ప్లేగు క్రిమిని నిర్ధారించినవి. మరణములకంటె భయము చేసిన నష్టము పెద్దది. ఒక ఖాడీగట్టున లేని మురుగుకాలువ ఒక దేశపు వర్తకమునే ఆపగలదని ఆ నెలలో తేలెను. ఏడు భద్రతలు ఏడు వేర్వేఱు వస్తువులు గావు. ఒకటి తెగినచో తక్కినవి దానివెంట జాఱును.

తరువాత జరిగినది మన విచారణకు అత్యంతముఖ్యము. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చిరి. 1997 చివర వఱకు నుండిరి. నగరమును ఆఱు మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలాధికారికి పూర్తి అధికారమును, పూర్తి బాధ్యతను అప్పగించిరి. అధికారులు ప్రతిదినము ఉదయము వీధులలో తిరిగి, మధ్యాహ్నము కూడి, చూచినదానిని చెప్పవలెనని నియమించిరి. రాత్రిపూట వీధు లూడ్చుట, చెత్త పాఱవేసినవారికి జరిమానా, పేదవాడలకు నీరు, దీపములు, మఱుగుదొడ్లు, జ్వరముల దినవారీ లెక్క ఆరంభమయ్యెను. ధనికుల యక్రమ కట్టడములును పడగొట్టబడెను. పేదల గుడిసెలు కొన్ని తొలగింపబడినవనుటయు నిజమే. వారందఱికిని సరియైన ప్రత్యామ్నాయము దొరకినదని చెప్పలేము. అయినను రెండేండ్లలోపల దేశమున మిక్కిలి మురికి నగరమని పేరుపడిన సూరతు, దేశమున రెండవ శుభ్రనగరముగా ఎన్నబడెను. రామచంద్రరావునకు 1998లో పద్మశ్రీ లభించెను. 2023వ సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున సూరతు ఇందూరుతో కలిసి ప్రథమస్థానము పొందెను.

1994కును 1996కును నడుమ సూరతు జనసంఖ్య తగ్గెనా? పాఱిపోయినవారు కొలది వారములలో మరలి వచ్చిరి. వారి వెంట క్రొత్తవారు వచ్చిరి. జనము హెచ్చెను, రోగము తగ్గెను. మారినది సంఖ్య గాదు, ఆ సంఖ్యను నగరము తనదిగా అంగీకరించిన విధము. అంతవఱకు ఖాడీగట్టువాడు చేతులు మాత్రము కలవాడు. అటుపిమ్మట వానికి ఒడలు కూడ కలదనియు, వాని జ్వరము తన జ్వరమనియు నగరము గ్రహించెను.

ఇంతమాత్రమున జనసంఖ్యకు పరిసరములతో సంబంధమే లేదని మొదటి తెగవారిని త్రోసిపుచ్చరాదు. వారి మాటలోని సత్యము తపతీనదియందు కనబడును. నగరమునకు ఎగువను సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున ఉకాయ్ ఆనకట్ట 1972లో పూర్తియయ్యెను. నూటికి పైగా పల్లెలు, ముఖ్యముగా ఆదివాసుల పల్లెలు, జలాశయమున మునిగెను. వఱదనుండి నగరమును కాపాడుట దాని కర్తవ్యములలో ఒకటి. చెఱకు పొలములకు నీరు, కర్మాగారములకు విద్యుత్తు, పెరుగుచున్న నగరమునకు త్రాగునీరు ఇచ్చుట తక్కిన కర్తవ్యములు. వఱదకు చోటుంచవలెనన్న జలాశయము ఖాళీగా నుండవలెను. దప్పిక తీర్పవలెనన్న నిండుగా నుండవలెను. జనము పెరిగినకొలది దప్పిక పెరుగును, ఖాళీ తగ్గును. ఆనకట్ట యున్నదను ధైర్యముతో నదీగర్భమునకు ఆనుకొని మేడలు లేచెను. 2006 ఆగస్టు 7వ తేదీనుండి ఉకాయ్ వద్ద నీటిని ఆపలేక విడువవలసివచ్చెను. నగరమువద్ద నది భరింపగలది సుమారు 4 లక్షల క్యూసెక్కులు. వచ్చినది 9 లక్షలు. నగరమున దాదాపు మూడువంతుల భాగము మునిగెను. నూఱుమందికి పైగా మరణించిరి. ఈ ఆపద యందు సంఖ్యకు పాత్ర లేదనలేము. అయితే ఆ సంఖ్య తనంత తాను నీటిని విడువలేదు. జలాశయమును ఎప్పు డెంత నింపవలెనో నిర్ణయించినదియు, నదిలోనికి నగరమును పెరుగనిచ్చినదియు మనుష్యుల బుద్ధియే.

అటుపిమ్మట సూరతు కొంత నేర్చుకొనెను. వఱదరాకను ముందుగా తెలుపు ఏర్పాటులు చేసికొనెను. మురుగునీటిని శుద్ధిచేసి 2014నుండి పాండేసరా మిల్లులకు దినమునకు 4 కోట్ల లీటర్ల వఱకు అందించుటకు పూనుకొనెను. అద్దకమునకు నదిని తోడుటకంటె ఇది ఉత్తమము. అయినను లోపములు మిగిలియే యున్నవి. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామికవాడలో ఎవ్వరో లారీతో దెచ్చి దొంగతనముగా ఖాడీలో విడిచిన రసాయనమువలన విషవాయువు పుట్టి, ప్రక్క మిల్లులో నిద్రించుచున్న కార్మికులు ఆఱుగురు ప్రాణములు విడిచిరి. 2020లో మహమ్మారి కారణముగా దేశము మూతపడినప్పుడు కూలి లేక, అద్దె కట్టలేక, ఊరికి పోనిండని కార్మికులు వీధులకెక్కిరి. 1994లో ప్లేగునకు భయపడి పోయిరి. 2020లో రోగమునకంటె ఆకలికి భయపడి పోయిరి. పనిదినములలో నగరమునకు కావలసినవాడు, పని లేని దినమున ఎవ్వరికిని చెందనివా డగుచున్నాడు.

ఈ పాఠము సూరతునకు మాత్రమే చెందినది గాదు. 2024 సెప్టెంబరులో విజయవాడయందు బుడమేఱు పొంగి, పల్లపు కాలనీల జనులు దినములతరబడి మేడలపైన చిక్కుకొనిరి. 1908లో మూసీ వఱద హైదరాబాదును ముంచిన పిమ్మట ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు కట్టబడినవి. కాని మూసీ యొడ్డున కాపురముండువారి భయము నేటికిని తీఱలేదు. ఏ యూరికైనను పల్లపుభూమి ఒకటి యుండును. తుదకు వచ్చినవాడు అచ్చటనే దిగును.

జనులను లెక్కించుట వారిని భారముగా నెంచుట గాదు. వారికి రావలసినదానిని నిర్ణయించుట. 2011 తరువాత, 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027లో జరుపుదుమని కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించెను. ఇంత వేగముగా పెరుగుచు వచ్చిన నగరమునకు ఇది చిన్న యెడము గాదు. ఆహారభద్రతా చట్టము క్రింద ఎందఱికి ధాన్యము ఈయవలెనో నిర్ణయించుటకు ఆధారము 2011 నాటి లెక్కయే. ఆ లెక్కకు తరువాత మగ్గమునొద్దకు వచ్చినవాడు ఖటోదరా వీధులలో నడచుచున్నను, కాగితముమీద నిజామాబాదులోనో గంజాములోనో ఉండును. కొన్నిచోట్ల ఎచ్చటను ఉండడు. అతనికి కావలసిన నీరు, కాలువ, వైద్యము ఎంతయో ఎవ్వరును ముందుగా అనుకొనలేదు కావున, అతడు వచ్చుటయే తప్పైనట్లు మనము మాటలాడుదుము.

మాల్థస్ భయపడిన రోజు వచ్చునో రాదో పండితులు వాదింతురుగాక. సూరతు చరిత్ర మనకు చెప్పునది దానికంటె పరిమితమైనది, ఆచరణకు లొంగునది. ఒక నగరము తన యొద్దకు వచ్చినవారిని పనికై పిలిచిన నాడే నీటికిని నేలకును కూడ లెక్క వేసికొనవలెను. ఆ లెక్క వేయనిచో వఱదయు, తెగులును వచ్చి దానిని వేయును. అప్పుడు తీర్పవలసిన బాకీ ఖాడీగట్టువానితో ఆగదు.